మట్టికుండలో దాచిన మాట

ఊరి చుట్టూ శత్రుసేన. కోటగోడలకు ఆనించి మట్టిదిబ్బలు లేస్తున్నాయి. లోపల ధాన్యం అడుగంటుతోంది. ఇవాళో రేపో నగరం పడిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటి రోజుల్లో ఎవరైనా పొలం కొంటారా? అదీ శత్రువు గుడారాలు వేసుకున్న వైపు ఉన్న పొలం! కొనేవాడేమో బందీగా ఉన్నాడు. వయసు మళ్లింది. పెళ్లి లేదు, పిల్లలు లేరు. రేపు ఆ పొలం దున్నేదెవరు? అనుభవించేదెవరు?

అయినా కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులను పిలిపించాడు. దస్తావేజు రాసి, ముద్ర వేసి మరీ కొన్నాడు. ఆయన పేరు యిర్మీయా. బైబిల్ పాత నిబంధనలో ఆయన పేరుతోనే ఉన్న గ్రంథం 32వ అధ్యాయంలో ఈ కొనుగోలు వివరంగా కనిపిస్తుంది.

దేవుడు తన ప్రజలకిచ్చిన మాట తప్పడు అన్నది బైబిల్ మొదటి పుట నుంచి చివరి పుట దాకా వినిపించే మాట. ఆ మాట అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఎర్రసముద్రం రెండు పాయలవడం, ఎడారిలో మన్నా కురవడం లాంటి అద్భుతాలే. యిర్మీయా పొలం కథలో అద్భుతం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒక తక్కెడ, కొంత వెండి, రెండు పత్రాలు, ఒక మట్టికుండ. కానీ మాట నిలబెట్టుకోవడం అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పే ఘట్టం మరొకటి దొరకడం కష్టం.

నలభై ఏళ్ల హెచ్చరిక

అది క్రీ.పూ. 587 ప్రాంతం. యూదా రాజ్యాన్ని సిద్కియా పాలిస్తున్నాడు. బబులోను చక్రవర్తి నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ఈ రోజు వస్తుందని యిర్మీయా అప్పటికి సుమారు నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. పేదల్ని దోచుకుంటూ, పరాయివాళ్లనీ దిక్కులేనివాళ్లనీ అణచివేస్తూ, గుడి ఉంది కదా మనకేమీ కాదనుకుంటే కుదరదని గుడి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఎవరూ వినలేదు. సొంత ఊరివాళ్లే ఆయన్ని చంపాలని పన్నాగం పన్నారు. ఆ ఊరి పేరు అనాతోతు. యెరూషలేముకు ఈశాన్యంగా నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న యాజకుల గ్రామం. ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉన్న అనాతా అనే ఊరి పేరులో ఆ పాత పేరు వినిపిస్తుంది.

నగరం శత్రువు చేతికి చిక్కుతుందని ముట్టడి సమయంలోనూ చెప్పడం రాజుకు నచ్చలేదు. యిర్మీయాను రాజమందిరం దగ్గరి కావలివాళ్ల ఆవరణలో బంధించారు. నగరంలో రొట్టె ఉన్నంతకాలం రొట్టెలు కాల్చేవాళ్ల వీధి నుంచి రోజుకో రొట్టె ఆయనకు అందేదట. ఒక నగరం ఆకలితో ఎలా కుంగిపోతోందో చెప్పడానికి ఆ ఒక్క వివరం చాలు.

ఆ రోజుల తీవ్రతకు మట్టిలోంచి బయటపడిన సాక్ష్యం కూడా ఉంది. 1935లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ లెస్లీ స్టార్కీ బృందం లాకీషు కోట శిథిలాల్లో సిరాతో రాసిన కుండపెంకులను వెలికితీసింది. అవి యూదా సైనికాధికారుల ఉత్తరాలు. లాకీషు నుంచి వచ్చే సంకేతాల కోసం కాచుకుని ఉన్నామనీ, అజేకా వైపు నుంచి సంకేతాలు కనిపించడం లేదనీ ఒక పెంకు మీద ఉంది. యూదాలో చివరిదాకా నిలిచిన కోటలు లాకీషు, అజేకాలేనని యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయం కూడా చెబుతుంది.

చెరలో బేరం

సరిగ్గా ఆ సమయంలో యిర్మీయా పినతండ్రి కొడుకు హనమేలు చెరసాల ఆవరణకు వచ్చాడు. అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రం ప్రకారం భూమి వంశం చేయి దాటిపోకూడదు. ఎవరైనా ఇబ్బందుల్లో పడి భూమి అమ్ముకోవలసి వస్తే దాన్ని విడిపించే హక్కూ బాధ్యతా దగ్గరి బంధువువే. లేవీయకాండం 25వ అధ్యాయంలో ఆ నియమం ఉంది. హనమేలు ఆ వరస గుర్తుచేస్తూనే అడిగాడు.

లోకరీతిలో చూస్తే ఇది మోసపు బేరమే. కాళ్ల కింది నేల జారిపోతున్నప్పుడు దాన్ని నాలుగు వెండి ముక్కలకు వదిలించుకునేవాడు తెలివైనవాడు. కొనేవాడు అమాయకుడు. కానీ హనమేలు వస్తాడని, పొలం కొనాలని దేవుడు యిర్మీయాకు ముందే చెప్పాడు. అతను నిజంగానే వచ్చేసరికి ఇది దేవుడి మాటేనని యిర్మీయాకు స్థిరపడింది.

ఆ రోజుల్లో యూదాలో నాణేలు లేవు. వెండిని తూచి ఇచ్చేవాళ్లు. ఆ తూకం పేరు షెకెలు. తెలుగు బైబిల్ దాన్ని తులం అంటుంది. షెకెలు సుమారు 11.4 గ్రాములు, మన పాత తులం 11.66 గ్రాములు... ఆ అనువాదం అంత దగ్గరగా కుదిరింది! అంటే యిర్మీయా ఇచ్చింది 200 గ్రాములకు కాస్త తక్కువ వెండి.

ఆ తర్వాత జరిగిన తతంగం, భూమి కొన్న ప్రతి తెలుగు కుటుంబానికీ అర్థమయ్యేదే. దస్తావేజు రెండు ప్రతులుగా తయారైంది. ఒకటి మూసి ముద్ర వేసింది, రెండోది తెరిచి ఉంచింది. ఎప్పుడైనా చూసుకోవాలంటే తెరిచి ఉన్న ప్రతి చాలు. రాతలో ఎవరైనా మార్పు చేశారన్న అనుమానం వస్తే ముద్ర పగలగొట్టి మూసిన ప్రతితో పోల్చి చూస్తారు. సాక్షులు సంతకాలు చేశారు. ఆవరణలో కూర్చున్న యూదులంతా చూస్తున్నారు. యిర్మీయా ఆ పత్రాలను తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచి ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు.

ఇలాంటి జంట దస్తావేజుల పద్ధతి ఆ ప్రాంతంలో శతాబ్దాల పాటు సాగింది. 1961లో మృతసముద్రం దగ్గరి ఒక గుహలో యిగాయెల్ యాదిన్ బృందానికి బబథా అనే యూదు మహిళ దాచుకున్న పత్రాల కట్ట దొరికింది. క్రీ.శ. రెండో శతాబ్దం నాటి ఆ ఆస్తి పత్రాల్లో చాలా వరకు ఇలా రెండుసార్లు రాసి, ఒకదాన్ని చుట్టి కట్టేసినవే. ఇక మట్టికుండ ఎంతకాలం కాపాడుతుందన్న సందేహానికి 1947లో కుమ్రాన్ గుహల్లో బయటపడ్డ చుట్టలే జవాబు. మట్టికుండల్లో పెట్టిన తోలు చుట్టలు రెండు వేల ఏళ్లు నిలిచాయి. ఆ గుహల్లో తర్వాత దొరికిన రాతప్రతుల్లో యిర్మీయా గ్రంథం ముక్కలు కూడా ఉన్నాయి.

ముందు సంతకం... తర్వాత సందేహం

దస్తావేజు బారూకు చేతికిచ్చాక యిర్మీయా ఒంటరిగా ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన ఆయన్ని మరింత దగ్గర చేస్తుంది. ఎందుకంటే అందులో ధీమా కన్నా కలవరమే ఎక్కువ. ఆకాశాన్నీ భూమినీ చేసిన నీకు అసాధ్యం లేదని మొదలుపెట్టి, ఐగుప్తు నుంచి తన జనాన్ని విడిపించిన రోజులు గుర్తుచేసి, చివరికి అసలు మాట బయటపెట్టాడు. ముట్టడి దిబ్బలు గోడల దాకా వచ్చేశాయి, కత్తి, కరవు, తెగులు నగరాన్ని పట్టేశాయి, ఇప్పుడు పొలం కొనమంటున్నావా అన్నదే ఆ మాట సారాంశం.

అంటే ఆయన సందేహం తీరాక కొనలేదు. కొన్నాక సందేహపడ్డాడు. భక్తి అంటే ప్రశ్నలు లేకపోవడం కాదు, ప్రశ్నలున్నా చేయాల్సింది చేయడం అని ఈ వరస చెబుతుంది.

దేవుడి జవాబు రెండు భాగాలుగా వచ్చింది. మొదటిది చేదు. నగరం పడిపోవడం ఖాయం, కాలిపోవడం ఖాయం. ప్రజలు చేసిన దానికి ఫలితం తప్పదు. రెండోది తీపి. చెదరగొట్టిన జనాన్నే మళ్లీ పోగుచేస్తాను. ఈ దేశంలో మళ్లీ వెండి తూచి పొలాలు కొంటారు, పత్రాలు రాస్తారు, ముద్రలు వేస్తారు, సాక్షుల్ని పిలుస్తారు. బెన్యామీను ప్రాంతంలో, యెరూషలేము చుట్టుపక్కల, కొండ ఊళ్లలో, దక్షిణాన... అంటూ ఊళ్ల వరస చెబుతుంది ఆ వాగ్దానం. మళ్లీ రాజభోగాలు వస్తాయని కాదు, మళ్లీ పొలాల బేరాలు జరుగుతాయని! మామూలు బతుకు తిరిగొస్తుందన్నదే అక్కడ దేవుడిచ్చిన మాట. యుద్ధాలు, వలసలు చూసినవాళ్లకు అంతకన్నా పెద్ద వరం ఏముంటుంది?

రెండేళ్ల మాట, డెబ్బై ఏళ్ల మాట

ఇక్కడే కథలోని గట్టి ముడి ఉంది. దేవుడి పేరు చెప్పి ఊరట పలికినవాడు యిర్మీయా ఒక్కడే కాదు. కొన్నేళ్ల ముందు హనన్యా అనే మరో ప్రవక్త గుడిలో అందరి ముందూ ఒక శుభవార్త చెప్పాడు. క్రీ.పూ. 597లో మొదటి విడత చెరపట్టిన వాళ్లు, దోచుకెళ్లిన గుడి సామగ్రి రెండేళ్లలో తిరిగొస్తాయన్నాడు. బబులోను పెత్తనానికి గుర్తుగా యిర్మీయా మెడలో వేసుకున్న కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా.

దానికి యిర్మీయా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ‘ఆమేన్’. అలాగే జరగాలని ఆయన మనసారా కోరుకున్నాడు. తన జనం బాధపడాలని ఆయనకెందుకుంటుంది? కానీ అది దేవుడి మాట కాదని ఆయనకు తెలుసు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు. రెండేళ్లు గడిచాయి. ఎవరూ తిరిగి రాలేదు.

యిర్మీయా చెప్పింది డెబ్బై ఏళ్లు. బబులోనులో ఉన్నవాళ్లకు ఆయన రాసిన ఉత్తరం 29వ అధ్యాయంలో ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న నగరం బాగుండాలని ప్రార్థించండి అన్నదే దాని సారం. వినడానికి హనన్యా మాటంత కమ్మగా లేదు. డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం చదివిన పెద్దల్లో చాలామంది చూడలేరు. కానీ నిలబడింది ఆ మాటే.

చెరలోనివాళ్లు ఆ ఉత్తరంలో ఉన్నట్టే బతికారనడానికి ఆనవాళ్లున్నాయి. ‘ఆల్ యాహూదు’, అంటే యూదా ఊరు అనే పేరు కనిపించే మట్టిపలకలు సుమారు 200 వెలుగులోకి వచ్చాయి. క్రీ.పూ. 572 నుంచి 477 దాకా రాసిన ఆ పలకల్లో కొన్ని 2015లో యెరూషలేములోని బైబిల్ లాండ్స్ మ్యూజియంలో ప్రదర్శనకొచ్చాయి. వాటిలో ఉన్నవి పన్నులు, కౌళ్లు, అప్పులు, పంటల లెక్కలు. పరాయి నేల మీద కూడా పొలం చేసుకుని, కాగితం రాసుకుని బతికిన కుటుంబాల లెక్కలు.

నగరం పడిపోయింది

చెప్పినట్టే జరిగింది. గోడ పగిలింది. పారిపోతున్న సిద్కియాను పట్టుకుని, కొడుకుల్ని కళ్లముందే చంపి, ఆ కళ్లు తీసేశారు. గుడి కాలిపోయింది. మిగిలినవాళ్లను చెరపట్టారు. ఆ బీభత్సంలో ఒక చిన్న సంగతిని గ్రంథం వదిలిపెట్టలేదు. ఏమీలేని నిరుపేదలను మాత్రం బబులోను సేనాధిపతి అక్కడే వదిలి, వాళ్లకు ద్రాక్షతోటలు, పొలాలు ఇచ్చాడట. ఇన్నాళ్లూ సొంతవాళ్లు లాక్కున్నదాన్ని శత్రువు పంచిపెట్టాడు.

యిర్మీయాకు బబులోను వెళ్లి హాయిగా ఉండే అవకాశం వచ్చింది. ఆయన వెళ్లలేదు. పేదల మధ్యే ఉండిపోయాడు. తర్వాత జరిగిన గొడవల్లో సొంత జనమే ఆయన్నీ బారూకునూ ఐగుప్తుకు తీసుకుపోయారు. కొన్న పొలంలో ఆయన ఒక్కసారైనా అడుగుపెట్టినట్టు బైబిల్‌లో లేదు. మట్టికుండ సంగతీ మళ్లీ రాలేదు.

ఆ శిథిలాల మీద కూర్చుని ఏడ్చినట్టుండే గ్రంథం విలాపవాక్యములు. అయిదు అధ్యాయాల దుఃఖం. సంప్రదాయం దాన్ని యిర్మీయా రాశాడంటుంది. సరిగ్గా మధ్యలో, మూడో అధ్యాయంలో, దేవుడి వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందనీ ఆయన ఎంతైనా నమ్మదగినవాడనీ అర్థమిచ్చే మాటలు వస్తాయి. ప్రపంచమంతా చర్చిల్లో పాడుకునే ‘గ్రేట్ ఈజ్ దై ఫెయిత్‌ఫుల్‌నెస్’ అనే ఇంగ్లిష్ కీర్తనను 1923లో థామస్ చిషోమ్ ఆ మాటల ఆధారంగానే రాశాడు. సుఖంగా ఉన్నప్పుడు పాడుకునే ఈ మాట పుట్టింది మాత్రం బూడిదలో. ఆ తర్వాతి వాక్యాల్లోనూ కష్టం ఆగిపోలేదు. ఏడుపు మళ్లీ మొదలవుతుంది. దుఃఖాన్ని దాచకుండానే నమ్మకాన్ని చెప్పిన పుట అది.

నూట ఇరవై ఎనిమిది మంది

క్రీ.పూ. 539లో పర్షియా రాజు కోరెషు బబులోనును గెలుచుకున్నాడు. మరుసటి ఏడాది యూదులు ఇంటికెళ్లి గుడి కట్టుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. యిర్మీయా చెప్పిన మాట నెరవేరడానికే ఇది జరిగిందని ఎజ్రా గ్రంథం తొలి వాక్యంలోనే చెబుతుంది. 1879లో బబులోను శిథిలాల్లో దొరికి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరిన కోరెషు మట్టిస్తూపం మీద యూదుల పేరు లేదు. కానీ చెదిరిన జనాలను వాళ్ల ఊళ్లకు, దేవతామూర్తులను వాటి గుళ్లకు పంపడం ఆ రాజు విధానమని అది చెబుతుంది. 2013 చివర్లో ఆ స్తూపాన్ని ముంబయికి తెచ్చి ప్రదర్శించారు కూడా.

డెబ్బై ఏళ్ల లెక్కను పండితులు రకరకాలుగా వేస్తారు. గుడి కూలిన క్రీ.పూ. 586 నుంచి కొత్త గుడి పూర్తయిన 516 వరకు చూస్తే సరిగ్గా డెబ్బై.

తిరిగొచ్చినవాళ్ల జాబితా ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. మొత్తం 42,360 మంది. వంశాల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు... మామూలుగా చదివేవాళ్లు దాటేసే పుట అది. ఆ జాబితాలో 23వ వాక్యం దగ్గర ఆగితే ఒక ఊరి లెక్క కనిపిస్తుంది. అనాతోతు మనుషులు 128 మంది!

యిర్మీయాను చంపాలని చూసిన ఊరు అదే. ఆయన వెండి తూచి పొలం కొన్న ఊరూ అదే. పిల్లలు లేని మనిషి కొన్న నేల మీదికి నూట ఇరవై ఎనిమిది మంది నడిచి వచ్చారు. నెహెమ్యా గ్రంథంలోని జాబితాలోనూ అదే అంకె. బెన్యామీనీయులు మళ్లీ కాపురాలు పెట్టిన ఊళ్లలోనూ అనాతోతు పేరు ఉంది.

తిరిగొచ్చాక అంతా సుఖమేనని కూడా బైబిల్ చెప్పదు. క్రీ.పూ. 445 ప్రాంతంలో నెహెమ్యా అధిపతిగా వచ్చేసరికి కరవులో తిండిగింజల కోసం పేదలు పొలాలు, ఇళ్లు తాకట్టు పెడుతున్నారు. భూమి మళ్లీ చేతులు మారుతోంది, పాత దోపిడీ మళ్లీ తలెత్తింది. నెహెమ్యా పెద్దల్ని నిలదీసి ఆ పొలాలు వెనక్కి ఇప్పించాడు. దేవుడు మాట నిలబెట్టుకున్నాక మనుషులు నిలబెట్టుకోవాల్సింది మిగిలే ఉంటుంది మరి!

మాట నిలిచే తీరు

నమ్మదగిన దేవుడంటే కష్టం రానివ్వని దేవుడని అనుకుంటే ఈ కథ అర్థం కాదు. ఆయన హెచ్చరికా నిలిచింది, వాగ్దానమూ నిలిచింది. ఒకదాన్ని కాదని రెండోదాన్ని మాత్రమే పట్టుకున్నవాడు హనన్యా. రెండింటినీ మోసినవాడు యిర్మీయా. జబ్బుతో మంచాన పడ్డ ఇంట్లో, అప్పుల్లో ఉన్న ఇంట్లో, దూరదేశం వెళ్లిన బిడ్డ కోసం ఎదురుచూసే ఇంట్లో రెండేళ్ల మాటే కమ్మగా ఉంటుంది. కానీ గడువు తీరిపోయాక మనిషిని నిలబెట్టేది అది కాదు.

హీబ్రూలో ‘ఆమేన్’ అనే మాటకూ, స్థిరంగా ఉండటం, నమ్మదగినదిగా ఉండటం అనే అర్థాలున్న మాటలకూ మూలం ఒకటే. చర్చిలో ప్రార్థన చివర పలికే ఆ చిన్న మాటకు ‘ఇది నిలుస్తుంది’ అని అర్థం. యిర్మీయా ఆ మాటను పలకడమే కాదు, వెండి తూచి, ముద్ర వేసి, కుండలో పెట్టి చూపించాడు. దాని ఫలితం చూసేదాకా ఆయన బతకలేదు. ఆయన చేయగలిగింది, ఆ రోజు చేయాల్సిన పని సక్రమంగా చేసి పత్రాన్ని భద్రంగా దాచడమే. మిగతాది మాట ఇచ్చినవాడి బాధ్యత.